కనిపించకపోతే సున్నా రాయి

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది నర్సంపేట దగ్గర పల్లె. హన్మకొండలో బీఎస్సీ బీజెడ్‌సీ చివరి సంవత్సరం చదువుతున్నా. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఆ మధ్య మా పక్కూరి పత్తి చేలో పులి అడుగులు పడ్డాయి. ఫారెస్టోళ్లు వచ్చి టేపు పెట్టి కొలిచి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీసుకున్నారు. వాళ్లతో ఒక అక్క కూడా వచ్చింది, వైల్డ్‌లైఫ్ బయాలజిస్ట్ అట. అప్పటి నుంచి నాకూ అదే పని చేయాలని ఉంది. చిన్నప్పటి నుంచి జంతువులంటే ప్రాణం. బాపు మాత్రం "బీఈడీ చెయ్యి, టీచర్ పోస్టు కొట్టు. అడవుల పొంటి తిరిగే పిల్లను ఎవరు చేసుకుంటరు?" అంటున్నాడు. అసలు ఇది ఉద్యోగమేనా? ఏం చదవాలి? జీతం ఎంత? ఆడపిల్లలు చేయగలరా? మంచి కెమెరా ఒకటి కొనుక్కోవాలా?
— ఒక పాఠకురాలు, వరంగల్ జిల్లా

సమాధానం: నీది నా బిడ్డ వయసే, అందుకని నువ్వు అనే అంటాను, ఏమనుకోకు.

నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది "టేపు పెట్టి కొలిచారు" అన్న ముక్క. పులి అడుగులు పడ్డాయంటే ఊరంతా భయపడుతుంది, ఫోన్లలో ఫొటోలు తీస్తుంది. నువ్వు టేపును చూశావు. "జంతువులంటే ప్రాణం" అన్నదాన్ని కాసేపు పక్కన పెట్టు. అది చాలామందికి ఉంటుంది. ఈ పనికి అది అడ్డం రాదు గానీ, అది ఒక్కటే ఉంటే రెండో నెలకే ఇంటికి తిరిగొస్తారు. అలా వెళ్లిపోయినవాళ్లను నేను చూశాను.

ముందు ఆ అక్క రోజూ చేసే పనేంటో చెబుతాను. ఎండాకాలం మొదట్లో ఆకు రాలాక అడవిలో దూరం కనిపిస్తుంది. లెక్కలు ఎక్కువగా అప్పుడే చేస్తాం. పొద్దున నాలుగున్నరకు లేవాలి. తెల్లవారేసరికి సర్వే లైన్ మొదట్లో నిలబడాలి. రెండు కిలోమీటర్ల తిన్నని గీత, ముందే కొలిచి పెట్టుకున్నది. ఇద్దరో ముగ్గురో మాట్లాడకుండా నడుస్తాం. దుప్పుల మంద కనిపిస్తే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. అవి ఎంత దూరంలో ఉన్నాయో రేంజ్‌ఫైండర్‌తో, ఏ దిక్కున ఉన్నాయో కంపాస్‌తో చూసి రాసుకోవాలి. మళ్లీ నడక. కణుజు, మనుబోతు, అడవిపంది, కొండముచ్చు, నెమలి, ఏది కనిపించినా ఇదే వరస. తిరుగుదారిలో అదే గీత మీద అక్కడక్కడా ఆగి, చుట్టూ ఉన్న చెట్లేవి, పొదలేవి, గడ్డి ఎంత ఉంది, గొడ్డలి దెబ్బలున్నాయా, పశువులు మేశాయా అని నింపుకోవాలి. నేల మీది పెంటికలు కూడా లెక్కే. దుప్పి పెంటికకూ కణుజు పెంటికకూ తేడా వారంలో పట్టుబడుతుంది. నవ్వకు, నా మొదటి సీజనంతా అదే పని.

ఆ సీజన్‌లోనే ఒక పొద్దున రెండు కిలోమీటర్లు నడిచినా ఒక్క జంతువూ కనిపించలేదు. అంతకు ముందు రోజు కూడా అంతే. షీటు ఖాళీగా ఉంటే నా పని ఖాళీగా కనిపిస్తుందేమో అనిపించింది. పక్క పొదలో ఏదో కదిలిన చప్పుడు వినిపించింది కాబట్టి, "దుప్పి, 2" అని రాసేశాను. మాతో ట్రాకర్‌గా వచ్చే కోయ పెద్దాయనకు చదువు రాదు. అయినా నా పెన్సిల్ కదలడం చూసి "ఏం రాసినవ్ బిడ్డా?" అన్నాడు. చెప్పాను. "ఏడున్నయ్? నాకు కనపడలే" అన్నాడు, అంతే. కోప్పడలేదు, వెక్కిరించలేదు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. కొట్టేసి సున్నా పెట్టాను. ఆ షీటు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆ సున్నా ఎందుకంత ముఖ్యమో ఒక చెరువు లెక్కతో చెబుతాను. మీ ఊరి చెరువులో ఎన్ని చేపలున్నాయో నీళ్లు తోడకుండా చెప్పాలి. ఒక రోజు వల వేసి 60 చేపలు పట్టి, రెక్క మీద చిన్న గుర్తు పెట్టి వదిలేశావు. వారం తర్వాత మళ్లీ వల వేస్తే 50 పడ్డాయి, వాటిలో గుర్తున్నవి 10. అంటే చెరువులో ప్రతి ఐదింటిలో ఒకదానికి గుర్తుంది. గుర్తు పెట్టినవి 60 కాబట్టి చెరువులో సుమారు 300 చేపలున్నట్టు. పులుల లెక్కకు పునాది ఇదే. పులికి గుర్తు మనం పెట్టక్కర్లేదు, చారలే గుర్తు. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు. ఒకే పులికి కుడి పక్క చారలు ఎడమ పక్కలా ఉండవు, అందుకే జంతువు ముందు నుంచి పోతే వాటంతట అవే ఫొటో తీసే కెమెరాలను బాటకు అటొకటి ఇటొకటి కడతాం. ఇప్పుడు, రెండోసారి వలలో పడిన గుర్తు చేపలు పదే అయినా, తక్కువైందని నువ్వు పదిహేను అని రాశావనుకో. చెరువులో చేపలు 300 నుంచి 200కు పడిపోతాయి, కాగితం మీద. నేను లేని దుప్పులను రాసినప్పుడు చేసింది ఇలాంటి పనే. అడవిలో మనకు కనిపించేది ఎప్పుడూ కొంతే. కనిపించనిది ఎంతో లెక్క కట్టే సూత్రాలున్నాయి, కానీ కనిపించినదీ కనిపించనిదీ మనం నిజాయితీగా రాస్తేనే అవి పనిచేస్తాయి.

ఇదేదో చాదస్తం అనుకోకు. 1960ల నుంచి మన దేశంలో పులులను అడుగుల అచ్చులతో లెక్కపెట్టేవాళ్లు. మెత్తటి మట్టిలో ఒకే పులి అడుగు ఒకలా, గట్టి నేల మీద ఇంకోలా పడుతుంది. చూసేవాడి చెయ్యి తిరిగినదాన్ని బట్టి ఒక పులి రెండయ్యేది. రాజస్థాన్‌లోని సరిస్కాలో రికార్డుల ప్రకారం పులులు ఉంటూనే వచ్చాయి. 2005కు వచ్చేసరికి అక్కడ ఒక్కటీ మిగల్లేదని తేలింది. వేటగాళ్లు చంపేశారు, నిజమే. కానీ "లేదు" అని సమయానికి ఎవరూ రాయలేదు. ఆ దెబ్బ తర్వాతే పద్ధతి మారింది. 2006 నుంచి నాలుగేళ్లకోసారి దేశమంతా ఒకే తీరుగా అడుగులు, పెంటికల్లాంటి ఆనవాళ్ల సర్వే, సర్వే లైన్లు, కెమెరాలు కలిపి లెక్క కడుతున్నారు. 2022 లెక్కలో దేశంలో సుమారు 3,682 పులులని అంచనా. మీ చేలో అచ్చు తీయడం దండగ కాదు. ఏ పులి వచ్చింది, మగదా ఆడదా, ఎటు పోయింది అని ఊహించడానికి అది పనికొస్తుంది. ఎన్ని పులులున్నాయో మాత్రం దాన్నిబట్టి చెప్పరు.

పులి కోసం పోయినవాళ్లు దుప్పి పెంటికలు ఎందుకు ఏరుతారని బాపు అడగొచ్చు. ఒక పులి ఏడాదికి సుమారు 50 జంతువులను, దుప్పి అంతవో అంతకంటే పెద్దవో, చంపి తింటుంది. మంద తగ్గకుండా పులి తినగలిగేది ఏటా పదోవంతు అనుకుంటే, ఒక్క పులి వెనుక ఐదు వందల జంతువులుండాలి. మన కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్ చేశారు. కోర్ ఏరియానే, అంటే రిజర్వ్ నడిమి భాగమే, దాదాపు 893 చదరపు కిలోమీటర్లు. అయినా మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి నదులు దాటి వచ్చే పులులు కోర్‌లో నిలదొక్కుకోవడం కష్టంగానే ఉంది. కాగజ్‌నగర్ వైపు అడవుల్లో మాత్రం ఆగాయి, పిల్లలనూ పెట్టాయి. ఎందుకక్కడ, ఎందుకు ఇక్కడ కాదు? దుప్పులా, నీళ్లా, పశువుల మందలా, రోడ్డా? దీనికి జవాబు పులిని చూస్తే దొరకదు, పెంటికలు లెక్కపెట్టినవాళ్ల పుస్తకాల్లో దొరుకుతుంది.

రాబందుల సంగతి కూడా చెప్పాలి, ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన కథ అది. మా చిన్నప్పుడు పశువు చస్తే రాబందులు ఆకాశం నిండా దిగేవి. వాటిని ఎవరు లెక్కపెడతారు, కాకుల్ని లెక్కపెట్టినట్టే కదా? రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త 1980ల్లో లెక్కపెట్టారు. 1990ల చివర్లో అదే చోట మళ్లీ లెక్కపెడితే దాదాపు ఏమీ మిగల్లేదు. కారణం పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు అని తర్వాత తేలింది. మందు వేసిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందుల కిడ్నీలు పాడైపోయేవి. 2006లో పశువులకు ఆ మందు వాడకుండా నిషేధించారు. ఆయన దగ్గర పాత లెక్క లేకపోతే "ఈ మధ్య రాబందులు కనిపించట్లేదేంటి" అని అనుకుంటూ ఉండిపోయేవాళ్లం. 2013లో బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట అంచుల మీద రాబందుల గూళ్లు బయటపడ్డప్పుడు మేమెందుకంత సంబరపడ్డామో ఇప్పుడు అర్థమయి ఉంటుంది.

ఇక చదువు. ఒకటే దారి లేదు. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఉంది, 1982లో పెట్టారు. అక్కడి వైల్డ్‌లైఫ్ సైన్స్ ఎమ్మెస్సీకి దేశమంతా పోటీపడుతుంది. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీ ఉంది, సీట్లు చాలా కొద్ది. ఈ రెండింటికీ సీటు రానివాళ్లు ఏడ్చి ఇంట్లో కూర్చోనక్కర్లేదు. తమిళనాడులో మయిలాడుతురై దగ్గరి ఏవీసీ కాలేజీలో, ఊటీ గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీలో వైల్డ్‌లైఫ్ బయాలజీ పీజీ ఉంది. అక్కడ చదివినవాళ్లు దేశమంతా పనిచేస్తున్నారు. అదీ కుదరకపోతే మన కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జువాలజీ చేస్తూ, సెలవుల్లో సర్వేలకు వాలంటీరుగా వెళ్లు. పులుల లెక్క జరిగే ఏడాది అటవీశాఖ వాలంటీర్లను తీసుకుంటూ ఉంటుంది. కవ్వాల్‌లో పనిచేసే హైదరాబాద్ టైగర్ కన్జర్వేషన్ సొసైటీ లాంటి స్వచ్ఛంద సంస్థలూ ఉన్నాయి. తర్వాత పరిశోధనలోకి పోవడానికి దేశమంతా రాసే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష రాయొచ్చు. అందులో లైఫ్ సైన్సెస్ పేపర్లో ఎకాలజీ ఉంటుంది.

ఒక హెచ్చరిక: ఫారెస్ట్రీ డిగ్రీ గురించి వెతికితే "ములుగు ఫారెస్ట్ కాలేజీ" అని వస్తుంది. అది మన ములుగు కాదు, సిద్దిపేట జిల్లా ములుగు. అప్లికేషన్ పట్టుకొని ఏటూరునాగారం బస్సెక్కిన పిల్లవాడు నాకు తెలుసు.

ఏ కాలేజీ అయినా తప్పించుకోలేనిది స్టాటిస్టిక్స్. బీజెడ్‌సీ తీసుకున్నదే లెక్కలు తప్పించుకోవడానికి అనకు, నేనూ అదే బాపతు. ఆర్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్, రెండూ ఉచితం. ఇప్పుడే మొదలుపెట్టు. నెల రోజులు అడవిలో ఉంటే రెండు మూడు నెలలు లాప్‌టాప్ ముందు ఉంటాం. కెమెరాలు తెచ్చిన వేల ఫొటోల్లో ఆవులు, మేకలు, కట్టెలకు పోయే ఆడవాళ్లు, గాలికి ఊగిన గడ్డి, ఎక్కడో ఒక చిరుత. అన్నీ కూర్చొని వేరు చేయాలి.

తెలుగు మీడియం గురించి భయపడకు. పరీక్షలు, పేపర్లు ఇంగ్లిష్‌లోనే, దాన్ని నేర్చుకోక తప్పదు. కానీ ఏది నల్లమద్ది, ఏది ఏగిస, ఏది తునికి అని ఆకు చూసి చెప్పగల పిల్ల, పెద్ద సిటీ నుంచి వచ్చినవాళ్లకంటే ఆరు నెలలు ముందుంటుంది. పుస్తకంలో ఒక పక్క ఊరివాళ్లు పిలిచే పేరు, ఇంకో పక్క శాస్త్రీయ నామం రాసుకో. దుప్పికి ఆక్సిస్ ఆక్సిస్, గుర్తుపెట్టుకోవడం ఎంత సులువో చూడు.

జీతం విషయం బాపుకు తెలియాల్సిందే కాబట్టి దాచను. మొదట్లో అన్నీ ప్రాజెక్టు ఉద్యోగాలే. ఏడాదికో రెండేళ్లకో ప్రాజెక్టు అయిపోతుంది, తర్వాతది దొరికేదాకా చేతిలో ఏమీ ఉండకపోవచ్చు. నెట్ కొట్టి జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, వస్తే నెలకు 37,000, పైన ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. ఆ తర్వాత పర్మినెంట్ సైంటిస్టు పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. టైగర్ రిజర్వుల్లో బయాలజిస్టులను ఎక్కువగా కాంట్రాక్టు మీదే తీసుకుంటారు. గనులకు, రోడ్లకు ముందు చేసే పర్యావరణ ప్రభావ అంచనా రిపోర్టుల పని కూడా దొరుకుతుంది. డబ్బులు బాగానే వస్తాయి. ఇంకో జిల్లా రిపోర్టులోని జంతువుల లిస్టు తెచ్చి ఇక్కడ అతికించమంటే మాత్రం లేచి వచ్చెయ్.

నెలనెలా జీతం పడాలి, అడవీ కావాలి అంటే అటవీశాఖ ఉంది. జువాలజీ డిగ్రీతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ రాయొచ్చు. ఆ పరీక్షలో ఆడవాళ్లకు నాలుగు గంటల్లో 14 కిలోమీటర్ల నడక ఉంటుంది. పల్లె పిల్లవి, నీకు అది లెక్క కాదు. టీజీపీఎస్సీ నోటిఫికేషన్లలో రేంజ్ ఆఫీసర్ నుంచి బీట్ ఆఫీసర్ దాకా పోస్టులు పడతాయి. అయితే అది వేరే పని. అక్కడ నువ్వు కాపలా కాస్తావు, కేసులు రాస్తావు, నర్సరీలు చూస్తావు. లెక్కపెట్టడం అందులో ఒక మూల మాత్రమే.

ఆడపిల్లలు చేయగలరా అన్నావు. ఆ అక్కను నువ్వే చూశావు కదా. మహారాష్ట్రలో అకోలే చుట్టుపక్కల చెరకు తోటల్లో, జనం మధ్యనే చిరుతలు పిల్లలతో సహా బతుకుతున్నాయని కెమెరాలు పెట్టి చూపించిన విద్యా అత్రేయ ఆడమనిషే. మీ పత్తి చేలకూ ఆ కథ పనికొస్తుంది, వెతికి చదువు. చేయగలరా అన్నదానికంటే ఎలాంటి చోట చేస్తావన్నది ముఖ్యం. చేరే ముందు మొహమాటపడకుండా అడుగు: క్యాంపులో ఇంకో ఆడమనిషి ఉందా? బాత్రూమ్ ఉందా? రాత్రి ఏమైనా అయితే బండి ఉందా? ఇన్సూరెన్స్ చేయిస్తారా? ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారు? నా మొదటి క్యాంపులో ఇవేవీ అడగలేదు. జ్వరమొస్తే ట్రాక్టర్ మీద పీహెచ్‌సీకి తీసుకుపోయారు. అడవిలో మాకు అసలు టెన్షన్ పులి కాదు, గుడ్డెలుగు. వంగి పుట్ట తవ్వుకుంటూనో, తెల్లవారుజామున చెట్టు కింద ఇప్పపువ్వు ఏరుకుంటూనో దగ్గరకు వచ్చేదాకా మనల్ని చూసుకోదు. చూశాక బెదిరి మీద పడుతుంది. ఇప్పపువ్వుకు పోయే ఆడవాళ్లూ అదే వేళకు, అదే చెట్ల కిందకు పోతారు. వాళ్లు గుంపుగా, మాట్లాడుకుంటూ ఎందుకు పోతారో అక్కడ నేర్చుకున్నాను.

ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు. నువ్వు గీసే మ్యాపు మీద జనం కూడా ఉంటారు. కవ్వాల్ కోర్ నుంచి మైసంపేట, రాంపూర్ ఊళ్లను 2024లో బయటికి తరలించారు. 2025 మే చివర్లో ఆసిఫాబాద్ జిల్లా అడవులను వన్యప్రాణుల రక్షణ కోసం కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటిస్తూ ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. ఆదివాసీలు వద్దని గట్టిగా నిలబడ్డాక జూలైలో దాన్ని ఆపింది. పులి దారి అని మనం గీసిన గీత ఎవరి పోడు మీదుగా పోతుందో, వాళ్ల గడపలో కూర్చొని చాయ్ తాగుతూ వినాల్సి వస్తుంది. వాళ్ల ఆవును పులి కొట్టిన రోజు నీకు సలహా ఇచ్చే హక్కు ఉండదు, నష్టపరిహారం కాగితం నింపిపెట్టే పని ఉంటుంది. అది కోపంతో కళేబరం మీద విషం చల్లకముందే జరగాలి. 2024 జనవరిలో కాగజ్‌నగర్ దగ్గర రెండు పులులు చచ్చిపోయినప్పుడు ఇలాంటి విషమే బయటపడింది.

బాపు సంగతికి వద్దాం. ఆయన మాటలో "ఎవరు చేసుకుంటరు" అన్నది పైకి వినిపించేది. అడుగున ఉన్నది "రేపు నేను లేకపోతే నీకు అన్నం ఎట్ల" అన్నది. మొదటిదానితో వాదించకు, రెండోదానికి జవాబు చెప్పు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు అడుగు. ఆ రెండేళ్లలో ఈ ఎమ్మెస్సీల పరీక్షలు రాస్తానని, రాకపోతే కాకతీయలో చేరతానని, నెట్‌కు కూర్చుంటానని చెప్పు. బీఈడీ ఎక్కడికీ పోదు, పీజీ తర్వాత కూడా చేయొచ్చు. వీలైతే ఒకసారి ఆయన్ను ఆ అక్క దగ్గరకు తీసుకెళ్లి కూర్చోబెట్టు. మా నాన్న నేను చెప్తే వినలేదు. మా రేంజ్ ఆఫీసర్ ఇంట్లో ఒక పూట భోంచేసి వచ్చాక మెత్తబడ్డాడు.

చివరిది, కెమెరా. వద్దు. ఆ డబ్బు కోచింగ్‌కో, దారి ఖర్చులకో ఉంచుకో. కొన్నాళ్లయ్యాక ఒక బైనాక్యులర్ కొనుక్కుందువు, అదీ ఎనిమిది రెట్లు చూపించేది చాలు.

అనుమతి లేకుండా అభయారణ్యం లోపలికి పోయి సర్వేలు చేయకూడదు, 1972 చట్టం ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. కానీ పాకాల చెరువు నీకు దగ్గరే. అదీ అభయారణ్యంలోనే ఉంది కాబట్టి, కట్ట మీద కూర్చునే ముందు అక్కడి ఫారెస్టోళ్లను అడుగు. గణపతిదేవుడి కాలంలో 1213 ప్రాంతంలో కట్టిన చెరువది, నీ కోసం ఇంకో ఏడాది ఆగుతుంది. వారానికి ఒక పొద్దున, ఎప్పుడూ ఒకే చోట, ఒకే గంట. కొంగలు, నీటికాకులు, బొల్లికోళ్లు, లకుముకి పిట్టలు, ఏది ఎన్ని ఉన్నాయో రాయి. తేదీ, టైము, మబ్బా ఎండా, చేపల వలలు ఉన్నాయా లేవా అన్నది కూడా. పేరు తెలియకపోతే బొమ్మ గియ్యి. ఏమీ రాని రోజు సున్నా రాసి సంతకం పెట్టు. జనవరిలో దేశమంతా నీటిపక్షుల లెక్క జరుగుతుంది. అప్పటికి నీ పుస్తకంలో ఎన్ని పొద్దులున్నాయో చూసి నాకు రాయి, ఆ లెక్కకు ఎవరితో వెళ్లాలో నేను చెబుతాను.

పెన్నుతో రాయకు. మంచుకు ఇంకు పాకిపోతుంది. పెన్సిల్ తీసుకుపో.